ఐదు నిమిషాలు ఆలస్యమైన కబురు

ఊళ్ళో ఇంటికి నిప్పంటుకుంటే గంట కొట్టుకుంటూ ఫైరింజను వస్తుంది. మరి నడిసముద్రంలో ఓడ మునిగిపోతుంటే? అక్కడికి ఎవరు వెళ్ళాలి? దేనిమీద వెళ్ళాలి? అసలు ఓడలోని వాళ్ళు ఆపదలో ఉన్న సంగతి ఒడ్డున ఉన్నవాళ్ళకు తెలిసేదెలా?

ఈ ప్రశ్నలకు జవాబుగా పుట్టినవే లైఫ్‌బోట్ స్టేషన్లు. తుఫాను వచ్చిందంటే పడవలన్నీ రేవులోకి పరుగెత్తుకు వస్తాయి. అప్పుడే రేవులోంచి సముద్రంలోకి బయలుదేరే పడవ ఒకటుంటుంది. అదే లైఫ్‌బోట్. ఆ పడవను ఉంచే షెడ్డు, దాన్ని నీళ్ళలోకి దింపే ఏర్పాట్లు, పిలిచిన వెంటనే పరుగెత్తుకు వచ్చే మనుషులు, ఇవన్నీ కలిస్తే స్టేషను.

ఇంగ్లండు దక్షిణ తీరాన, ససెక్స్ ప్రాంతంలో, రై హార్బర్ అనే చిన్న పల్లె ఉంది. ఆ పల్లెకు మైలున్నర దూరంలో, గులకరాళ్ళ తిన్నె మీద, పాత కాంక్రీటు కట్టడం ఒకటి ఒంటరిగా నిలబడి ఉంది. ఒకప్పుడు అది లైఫ్‌బోట్ స్టేషను. 1928 నవంబరు 15న అందులోంచి ఒక పడవ బయలుదేరింది. ఆ తర్వాత ఆ షెడ్డు నుంచి లైఫ్‌బోట్ మరెన్నడూ సముద్రంలోకి వెళ్ళలేదు. ఎందుకు?

ఆ కథ తెలుసుకుందాం. దానితోపాటు నీటి గురించి, అలల గురించి, వెలుగు గురించి కొంత విజ్ఞానం కూడా తెలుస్తుంది.

ఒడ్డున నిలబడి చూసిన జనం

ముందు కొంచెం వెనక్కి వెళదాం. 1789లో ఇంగ్లండు ఈశాన్య తీరాన, టైన్ నది ముఖద్వారం దగ్గర 'అడ్వెంచర్' అనే ఓడ తుఫానుకు ఇసుకమేటలో చిక్కుకుంది. ఒడ్డున వేలమంది జనం గుమిగూడారు. ఓడ కళ్ళ ముందే కనిపిస్తోంది. అయినా ఆ అలల్లోకి వెళ్ళగల పడవ ఎవరి దగ్గరా లేదు. నావికులు ఒక్కొక్కరే సముద్రంలో పడిపోతుంటే జనం చూస్తూ నిలబడవలసి వచ్చింది.

ఆ దృశ్యం ఊరివాళ్ళ మనసుల్ని కలచివేసింది. మునగని పడవకు నమూనా తయారుచేసిన వారికి బహుమానం ఇస్తామని ప్రకటించారు. వచ్చిన నమూనాల్లోని మంచి గుణాలను ఏరుకొని, హెన్రీ గ్రేట్‌హెడ్ అనే పడవల తయారీదారు చేత ఒక పడవ కట్టించారు. దాని పేరు 'ఒరిజినల్'. 1790లో అది సముద్రంలోకి దిగింది. అందులో సుమారు 350 కిలోల బెండు బిగించారు. పడవలోకి నీళ్ళు చేరినా ఆ బెండు దాన్ని తేల్చి ఉంచుతుంది.

ఆ తర్వాత 1824లో సర్ విలియం హిల్లరీ అనే ఆయన పూనికతో, దేశం మొత్తానికి ఒక ప్రాణరక్షణ సంస్థ ఏర్పడింది. ఆయన ఉండేది ఐల్ ఆఫ్ మాన్ అనే ద్వీపంలో. ప్రజల విరాళాలతో, స్వచ్ఛందంగా వచ్చే పడవవాళ్ళతో ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. రై హార్బర్ స్టేషను ఆ సంస్థదే.

పిలుపు వచ్చింది

1928 నవంబరు 15. ఇంకా తెల్లవారలేదు. ఇంగ్లీషు చానల్‌లో నైరుతి దిక్కు నుంచి భయంకరమైన గాలి వీస్తోంది. లాట్వియా దేశానికి చెందిన 'ఆలిస్' అనే ఓడ, 'స్మిర్నా' అనే జర్మన్ ఓడను ఢీకొంది. ఆలిస్ పక్కకు చిల్లు పడింది, చుక్కాని పోయింది. చుక్కాని లేని ఓడ తుఫానులో ఎంత నిస్సహాయమో వేరే చెప్పాలా?

సుమారు 5 గంటలకు రై హార్బర్‌లో సంకేత బాణాలు ఢాం ఢామ్మని పేలాయి. లైఫ్‌బోట్‌కు అదే పిలుపు. నిద్రలోంచి లేచిన జాలర్లు ఆ గాలివానలో మైలున్నర దూరం పరుగెత్తారు.

అక్కడ ఉన్న పడవ పేరు 'మేరీ స్టాన్‌ఫర్డ్'. 1916లో కట్టినది. పొడవు 38 అడుగులు. ఇంజను లేదు. 14 తెడ్లూ తెరచాపలూ, వాటిని నడిపే మనుషుల కండలూ, అంతే. సముద్రం అప్పుడు ఆటులో ఉంది. అంటే నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. బరువైన పడవను అంత దూరం ఇసుక మీదుగా లాగాలి. స్త్రీలు కూడా తాళ్ళు పట్టారు. రెండుసార్లు ప్రయత్నించినా అలలు పడవను వెనక్కి తోసేశాయి. మూడోసారి, 6 గంటల 45 నిమిషాలకు, పడవ అలలు దాటి బయటికి వెళ్ళింది. అందులో 17 మంది ఉన్నారు. సరంగు పేరు హెర్బర్ట్ హెడ్. ఆయన ఇద్దరు కొడుకులూ అదే పడవలో ఉన్నారు. చిన్నవాడికి 17 ఏళ్ళు. అంటే మీలో కొందరికన్నా ఒకటి రెండేళ్ళే పెద్ద.

6 గంటల 50 నిమిషాలకు ఒడ్డున ఉన్న కోస్ట్‌గార్డుకు ఒక కబురు అందింది: స్మిర్నా ఓడ ఆలిస్‌లోని వాళ్ళందర్నీ కాపాడింది. లైఫ్‌బోట్‌తో ఇక పనిలేదు.

గమనించారా? పడవ వెళ్ళి అప్పటికి ఐదు నిమిషాలే అయింది!

వెనక్కి రమ్మని వెంటనే సంకేతపు వెలుగులు పేల్చారు. ఒకసారి కాదు, మూడుసార్లు. పడవ తిరగలేదు. ఎగసిపడే నీటి తుంపరల్లో, జడివానలో ఆ వెలుగులు పడవలోని వాళ్ళ కంటికి ఆనలేదు.

పదిన్నర గంటల ప్రాంతంలో పడవ రేవు వైపు తిరిగి వస్తూ ఒడ్డుకు కనిపించింది. అంతలోనే తలకిందులైంది. ఆ 17 మందిలో ఒక్కరు కూడా బతకలేదు. ఒక ఇంట తండ్రీ ఇద్దరు కొడుకులూ పోయారు. మరి రెండు ఇళ్ళలో ముగ్గురేసి అన్నదమ్ములు పోయారు. ఆ చిన్న పల్లెలో పడవ నడపగల మగవాళ్ళు దాదాపు అందరూ ఒక్క పూటలో లేకుండాపోయారు. సరంగు చిన్న కొడుకు దేహం అసలు దొరకనే లేదు.

వెలుగు ఎందుకు ఓడిపోయింది?

అంత ప్రకాశంగా పేలిన సంకేతం కొద్ది దూరంలో ఉన్నవాళ్ళకు ఎందుకు కనిపించలేదు? వాళ్ళ కళ్ళల్లో లోపమా? కాదు. గాలిలో ఉన్న నీళ్ళలో ఉంది కారణం.

చలికాలం పొద్దున్నే మంచు పట్టినప్పుడు ఎదురుగా వచ్చే బస్సు దీపాలు చూడండి. దగ్గరికి వచ్చేదాకా తెల్లని మసకగా ఉంటుంది తప్ప దీపం ఆకారం తెలియదు. వెలుగు ఒక తరంగం. దాని పొడవు చాలా చిన్నది, మిల్లీమీటరులో సుమారు రెండువేల వంతు. దానితో పోలిస్తే నీటి తుంపర ఒక కొండ లాంటిది. వెలుగు కిరణం ఒక తుంపరకు తగిలి పక్కకు చెదురుతుంది. చెదిరింది మరో తుంపరకు తగులుతుంది. ఇలా లక్షల తుంపరలు దాటేసరికి సూటిగా వచ్చి కంటిని చేరేది ఏమీ మిగలదు.

మరి రేడియో తరంగాలో? నావికులు వాడే రేడియో తరంగాల పొడవు మీటర్లలో ఉంటుంది. వానచినుకు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. చెరువులో పెద్ద అల ఒక సన్నని రెల్లుపుల్లను దాటి ఎలా సాగిపోతుందో, అలా ఈ తరంగాలు చినుకుల్ని లెక్కచేయకుండా సాగిపోతాయి. చీకటైనా వానైనా వాటికి ఒకటే.

'అయితే రేడియోలోనే చెప్పవచ్చు గదా' అంటారు మీరు. నిజమే. 1912లో టైటానిక్ మునుగుతున్నప్పుడే ఓడల్లో వైర్‌లెస్ ఉంది. కాని అప్పటి పరికరాలు పెద్దవి, బరువైనవి. వాటికి విద్యుత్తు కావాలి, తడి తగలకూడదు. ఇంజను లేని, పైకప్పు లేని, ప్రతి అలకూ నిండే తెడ్ల పడవలో దాన్ని ఎక్కడ పెడతారు? మేరీ స్టాన్‌ఫర్డ్ ఒడ్డు వదిలిన క్షణం నుంచి ఒడ్డుకూ దానికీ మధ్య ఉన్నది చూపు ఒక్కటే. ఆ చూపును వాన తెంచేసింది.

రేవు ముఖద్వారంలో ఏం జరుగుతుంది?

మరో ప్రశ్న. నాలుగు గంటలసేపు నడిసముద్రంలో నిలబడిన పడవ రేవు దగ్గరికి వచ్చాక ఎందుకు తిరగబడింది?

బతికినవాళ్ళు ఎవరూ లేరు గనుక, ఇదీ జరిగిందని చెప్పగల సాక్షి పడవలోంచి రాలేదు. తర్వాత జరిగిన విచారణలో తేలిన అభిప్రాయం ఇది: పోటు బలంగా ఉన్న వేళ, ప్రమాదకరంగా విరిగిపడుతున్న అలల్లో, రేవులోకి రావడానికి ప్రయత్నిస్తూ పడవ అకస్మాత్తుగా తిరగబడింది.

విరిగిపడే అల అంటే ఏమిటి? లోతు తక్కువైన చోట అల వేగం నీటి లోతు మీద ఆధారపడుతుంది. లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం కడితే ఆ వేగం వస్తుంది. మీరే లెక్కవేయండి. లోతు 10 మీటర్లు ఉంటే, 9.8ని 10తో గుణిస్తే 98. దాని వర్గమూలం సుమారు 9.9. అంటే సెకనుకు దాదాపు 10 మీటర్లు. అదే లోతు రెండున్నర మీటర్లకు తగ్గితే వేగం సెకనుకు 5 మీటర్లే. లోతు నాలుగో వంతయితే వేగం సగమవుతుందన్నమాట.

ఇప్పుడు బడి గేటు దగ్గర పరుగెత్తే పిల్లల వరుసను ఊహించండి. ముందున్నవాడు ఒక్కసారి వేగం తగ్గిస్తే వెనకవాళ్ళు వచ్చి మీద పడతారు. అలలూ అంతే. ఒడ్డు దగ్గరయ్యేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతాయి, ఎత్తు పెరుగుతాయి, నిట్టనిలువు అవుతాయి. అల ఎత్తు నీటి లోతులో ముప్పాతిక వంతు దాటేసరికి, అలల తల కాళ్ళకన్నా ముందుకు తూలి విరిగిపడుతుంది. నడిసముద్రంలో పడవను పైకీ కిందికీ ఊపిన అల, ఇక్కడ టన్నులకొద్దీ నీళ్ళను పడవమీదికి విసురుతుంది.

వెనకనుంచి వచ్చే అల పడవ వెనక భాగాన్ని ఎత్తుతుంది. ముందు కొస నీళ్ళలో దిగబడుతుంది. చుక్కాని ఒక్క క్షణం పట్టుతప్పిందా, పడవ అలకు అడ్డం తిరుగుతుంది. ఇక తర్వాతి అల దాన్ని పొర్లించేస్తుంది. నడిసముద్రంలో లేని ప్రమాదం గుమ్మం దగ్గర కాచుకొని ఉండటం అంటే ఇదే. పడవవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు.

తిరగబడిన పడవ తిరిగి లేస్తుందా?

తంజావూరు బొమ్మను చూశారు గదా? ఎలా పడేసినా లేచి కూర్చుంటుంది. అడుగున బరువు, పైన తేలిక. దాని రహస్యం అంతే.

పడవను కూడా అలా చేయవచ్చు. ముందు కొసనా వెనక కొసనా ఎత్తుగా గాలిపెట్టెలు అమరుస్తారు. అడుగున బరువైన ఇనుప దూలం బిగిస్తారు. అలాంటి పడవ తలకిందులైతే ఏమవుతుంది? కిందికి వచ్చిన గాలిపెట్టెల మీద తేలుతూ, బరువైన దూలాన్ని నెత్తిన పెట్టుకొని నిలబడాలి. అలా ఎంతసేపు నిలుస్తుంది? సన్నని గోడమీద బస్తా నిలబెట్టినట్లే. ఇటో అటో ఒరిగి, మళ్ళీ నిటారుగా లేస్తుంది.

ఈ ఉపాయం 1789 నాటి పోటీలోనే విలియం వుడ్‌హేవ్ అనే ఆయన సూచించాడు. బావి దగ్గర ఒక స్త్రీ నీళ్ళు ముంచుకొనే చెక్క ముంత ముక్క నీటిలో ఎలా వేసినా సరైన వైపుకే తిరగడం చూసి, ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు.

మరి మేరీ స్టాన్‌ఫర్డ్ ఎందుకు లేవలేదు? అది అలా లేచే రకం పడవ కాదు. అది నిర్లక్ష్యమని అనుకోకండి. ఆనాటి తనంతట లేచే పడవలు సన్నగా, తేలికగా ఉండేవి. అందువల్ల త్వరగా తిరగబడేవి కూడా! 'పడి లేచే పడవకన్నా పడకుండా నిలిచే పడవే మేలు' అని చాలాచోట్ల పడవవాళ్ళే వెడల్పయిన రకాన్ని కోరుకొనేవారు. వెడల్పు ఉంటే పడవ నిలకడగా ఉంటుంది. కాని అదే వెడల్పు వల్ల, ఒకసారి తలకిందులయ్యాక కూడా అంతే నిలకడగా తలకిందులుగానే ఉండిపోతుంది. ఒకే గుణం ఒకప్పుడు రక్షిస్తుంది, ఒకప్పుడు శిక్షిస్తుంది.

ఈ చిక్కుముడి తర్వాతి కాలంలో విడిపోయింది. ఇప్పుడు ఆ సంస్థ వాడే పెద్ద లైఫ్‌బోట్లకు నీళ్ళు చొరబడని పెద్ద గది ఉంటుంది. పడవ వెడల్పుగానే ఉన్నా, తలకిందులైనప్పుడు ఆ గదిలోని గాలి దాన్ని పైకి తోసి కొద్ది సెకన్లలో నిలబెడుతుంది.

బూరుగు దూది చొక్కా

ఆ 17 మందీ ప్రాణరక్షక చొక్కాలు తొడుక్కొనే ఉన్నారు. ఆ చొక్కాల్లో కూరినది ఏమిటో తెలుసా? మన ఇళ్ళల్లో దిండ్లలో కూరే బూరుగు దూది! తెల్లబూరుగు చెట్టు కాయల్లోంచి వచ్చే ఈ దూదిని పాశ్చాత్యులు 'కేపాక్' అంటారు.

అంతకు ముందు చొక్కాలు బెండువి. 1854లో కెప్టెన్ వార్డ్ అనే ఆయన వాటిని రూపొందించాడు. 1861లో విట్‌బీ అనే ఊరి దగ్గర లైఫ్‌బోట్ తిరగబడి 13 మందిలో 12 మంది చనిపోయారు. మిగిలిన ఒకే ఒక్కడు, హెన్రీ ఫ్రీమన్, ఆ కొత్త బెండు చొక్కా తొడుక్కున్నవాడు. ఆ తర్వాత దాని విలువ ఎవరికీ చెప్పనక్కరలేకపోయింది. అయితే బెండు మొరటుగా ఉంటుంది, తెడ్డు వేయడానికి అడ్డొస్తుంది. అందుకే 1904 నుంచి మెత్తని బూరుగు దూది దాని స్థానంలోకి వచ్చింది.

మీరొక ప్రయోగం చేయండి. రెండు గ్లాసుల నీళ్ళు తీసుకోండి. ఒకదానిలో మామూలు దూది ఉండ, రెండోదానిలో బూరుగు దూది ఉండ వేయండి. మామూలు దూది నీళ్ళు పీల్చి మునిగిపోతుంది. బూరుగు దూది తేలుతుంది. దాని ప్రతి పోగూ లోపల గాలి ఉన్న సన్నని గొట్టం. పైన మైనం పూత ఉంటుంది. అందుకే అది తన బరువుకు సుమారు 30 రెట్లు బరువును తేల్చగలదు. ఇప్పుడు ఆ ఉండను నీళ్ళలో గట్టిగా పిసుకుతూ చాలాసేపు ఉంచండి. బుడగలు వస్తాయి. గాలి పోయినచోట నీరు చేరుతుంది. తేలే శక్తి తగ్గుతుంది.

రై హార్బర్ ప్రజలకు వచ్చిన అనుమానం సరిగ్గా ఇదే. చొక్కాలు పాతబడి నీళ్ళు పీల్చాయా? విచారణలో ఈ ప్రశ్న కూడా వచ్చింది. కాని విచారించినవాళ్ళు మరణాలకు కారణంగా చూపింది విరిగిపడే అలలనూ నురుగునూ. ఇందులో మనం తెలుసుకోవలసినది ఒకటుంది. తేలడం వేరు, ఊపిరి తీసుకోగలగడం వేరు. నెత్తిమీద అల తర్వాత అల విరిగిపడుతుంటే, తేలుతున్నవాడి ముక్కులోకి కూడా నీళ్ళే వెళతాయి. పైగా నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. నవంబరు సముద్రపు చలికి చేతులు త్వరగా కొయ్యబారిపోతాయి. అందుకే నేటి చొక్కాలను స్పృహ తప్పినవాడి ముఖాన్ని కూడా పైకి తిప్పి ఉంచేలా తయారుచేస్తున్నారు.

కబురు తిరిగి చేరే రోజులు

మేరీ స్టాన్‌ఫర్డ్‌ను 1929లో విడగొట్టేశారు. స్టేషను మూతపడింది. పడవ కొత్తది తేవచ్చు, దాన్ని నడిపేవాళ్ళను ఎక్కణ్ణుంచి తెస్తారు? చర్చి ఆవరణలో వాళ్ళ సమాధుల దగ్గర లైఫ్‌బోట్ మనిషి విగ్రహం నిలబెట్టారు. దానికి రాయి పంపింది ఐల్ ఆఫ్ మాన్ ప్రజలు. అవును, 1824లో సంస్థకు పూనుకున్న హిల్లరీ గారి ద్వీపమే.

37 ఏళ్ళకు పైగా రై హార్బర్‌కు లైఫ్‌బోట్ లేదు. 1966లో మళ్ళీ వచ్చింది. ఈసారి పాత షెడ్డులోకి కాదు, పల్లె దగ్గరికే. పిలుపు విని మైలున్నర పరుగెత్తే పని తప్పింది. ఇప్పుడు అక్కడ ఉన్నది గాలి నింపిన అంచులు గల, ఇంజన్లతో నడిచే చురుకైన పడవ. అందులోని వాళ్ళు ఒడ్డుతో రేడియోలో ఎప్పటికప్పుడు మాట్లాడుతూ ఉంటారు.

మన తీరం సంగతి కూడా చూద్దాం. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం జాలర్లకు కూడా సముద్రంలో కబురే ప్రాణం. మన కోస్ట్‌గార్డు 1978లో చట్టబద్ధంగా ఏర్పడింది. సముద్రంలో ఆపద వస్తే 1554 నంబరుకు ఫోను చేయవచ్చు. ఫోను అందని దూరంలో ఉన్న జాలర్ల కోసం ఇస్రో ఒక చిన్న పరికరం తయారుచేసింది. మీట నొక్కితే, 'ఆపదలో ఉన్నాం, ఇదీ మా చోటు' అనే సంకేతం ఉపగ్రహం ద్వారా ఒడ్డును చేరుతుంది. 2010 నుంచి వాడుకలో ఉన్న ఆ పరికరానికి ఒక లోటు ఉండేది. పడవ నుంచి ఒడ్డుకు కబురు వెళ్ళేది గాని, ఒడ్డు నుంచి పడవకు జవాబు వచ్చేది కాదు. 2024 జనవరిలో ఇస్రో పరిచయం చేసిన రెండో తరం పరికరంలో ఆ లోటు తీరింది. 'మీ కబురు అందింది' అని జవాబు వస్తుంది. తుఫాను హెచ్చరికలు కూడా పడవకే పంపవచ్చు.

'జవాబుదేముంది, సాయం వస్తే చాలదా?' అని ఎవరైనా అంటే, వాళ్ళకు రై హార్బర్ కథ చెప్పండి. ఆ 17 మందికి ధైర్యం తక్కువ కాలేదు, నేర్పు తక్కువ కాలేదు. 'వాళ్ళు క్షేమం, వెనక్కి రండి' అనే ఒక్క మాట తక్కువైంది. ఆ మాట అప్పటికే ఒడ్డున ఉంది. పడవదాకా చేర్చే సాధనం లేదు.